ఇల్లు, ఎదురుదెబ్బలు, పారాగ్లైడింగ్ పోటీలు: బెంగళూరు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో ఉంటూ క్రాస్‌కంట్రీ పారాగ్లైడింగ్ పోటీలకు వెళ్లే తెలుగువాళ్లం కొద్దిమందిమే. అయినా పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో, ఆఫీసులో భోజనాల దగ్గర మమ్మల్ని అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. కొన్ని కొత్తగా పోటీల్లోకి వస్తున్న పైలట్లవి. ఎక్కువ మాత్రం వాళ్ల భార్యలవి, భర్తలవి, అమ్మానాన్నలవి. నాది హిందూపురం. పెళ్లయ్యాక యలహంక వైపు స్థిరపడ్డాం. ఇంట్లో మా ఆయన, అత్తయ్య, స్కూలుకెళ్లే పాప. ఆ ఇంట్లోంచే పోటీలకు వెళ్తున్నాను కాబట్టి ఆ వైపు నుంచే రాస్తున్నాను. ఎలా ఎగరాలో ఇందులో ఉండదు. అది ఇన్‌స్ట్రక్టర్ దగ్గరే నేర్చుకోవాలి.

పోటీ అంటే ఏముంటుంది? కొండ మీంచి ఎగిరి కింద దిగడమే కదా?

టూరిస్టులు ఎక్కేది టాండెమ్. వెనక పైలట్ కూర్చుని కాసేపు తిప్పి కింద దించేస్తాడు. పోటీలో మనం ఒక్కళ్లమే, ఇంజిను ఉండదు. ఎండకి నేల వేడెక్కితే దాని మీది గాలి పైకి లేస్తుంది. అదే థర్మల్. దాంట్లో గుండ్రంగా తిరుగుతూ ఎత్తుకెళ్లి, అక్కణ్నుంచి ముందుకు జారుతూ ఇంకో థర్మల్ వెతుక్కోవాలి. పొద్దున బ్రీఫింగ్‌లో ఆ రోజు టాస్క్ ఇస్తారు. మ్యాపులో కొన్ని పాయింట్లు ఉంటాయి, వాటిని వరసగా తాకి గోల్ చేరాలి. ముందు చేరినవాళ్లకు ఎక్కువ మార్కులు. మధ్యలో దిగిపోయినవాళ్లకు వెళ్లిన దూరాన్ని బట్టి మార్కులు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో పారాగ్లైడింగ్‌కి పతకాలు కూడా ఇచ్చారు. నేల మీద గీసిన గుర్తు మధ్యలో దిగే యాక్యురసీ పోటీ వేరు, దాని సంగతి ఇక్కడ రాయడం లేదు.

ఇంట్లోవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. థర్మల్స్ బాగా లేచేది మధ్యాహ్నమే కాబట్టి రేసు మిట్టమధ్యాహ్నం మొదలై సాయంత్రం దాకా సాగుతుంది. ఆ టైములో ఫోన్ ఎత్తరు. దిగాక కూడా సిగ్నల్ లేని ఊళ్లో ఉండొచ్చు.

ఏడాదికి ఎన్ని రోజులు ఇంటికి దూరంగా ఉండాలి?

ఒక పోటీ దాదాపు వారం. దానికి ముందు ప్రాక్టీసు రోజు, రానూపోనూ ప్రయాణం కలిపితే పది రోజులు పోతాయి. బెంగళూరు నుంచి హిమాచల్‌లో పోటీలు జరిగే బీర్ అనే ఊరికి వెళ్లాలంటే ఢిల్లీ దాకా విమానం, అక్కణ్నుంచి రాత్రి బస్సు. పైన తేలే గుడ్డ రెక్క వింగ్, మనం కూర్చునే పట్టీల సీటు హార్నెస్, ఆపదలో తెరిచే పారాషూట్ రిజర్వ్, అన్నీ కలిపితే పోటీ బ్యాగు ఇరవై కిలోల పైమాటే. దేశీయ విమానాల్లో మామూలు టికెట్‌కి ఇచ్చేది 15 కిలోలు. ఆ అదనపు ఖర్చు కూడా ఇంటి లెక్కలో రాసుకోండి.

ఏడాదికి రెండు పోటీలు పెట్టుకుంటే ఉద్యోగస్తుల సెలవులన్నీ అక్కడికే సరి. ఊరెళ్లడానికి, పిల్లలకు జ్వరమొస్తే ఉండటానికి మిగలవు. అందుకే పిల్లలు చిన్నగా ఉన్నన్నాళ్లూ ఏడాదికి ఒక్క పెద్ద పోటీ చాలని నా అభిప్రాయం. ప్రపంచ ర్యాంకింగ్ కోసం పరిగెత్తేవాళ్లకు ఇది నచ్చదు. ఆ ర్యాంకింగ్ గత 36 నెలల పోటీల్లో మెరుగైనవి తీసుకుని లెక్కగడతారు. పాతబడేకొద్దీ పాయింట్లు తగ్గుతాయి తప్ప ఒక్క సీజన్ మానేసినంత మాత్రాన తుడిచిపెట్టుకుపోవు.

దసరా, దీపావళికే పోటీలు ఎందుకు వస్తాయి? పెద్దవాళ్లు చాలా బాధపడుతున్నారు.

హిమాచల్‌లో ఏటా జులై 15 నుంచి సెప్టెంబరు 15 దాకా వానల వల్ల పారాగ్లైడింగ్ నిషేధం. వానలు వెనక్కి తగ్గాక అక్టోబరు, నవంబరు నెలల్లో ధౌలాధార్ కొండల మీద ఆకాశం తేటపడి గాలి కుదురుగా ఉంటుంది. పోటీలు ఎక్కువగా అప్పుడే పెడతారు. మన పండగలూ అప్పుడే. 2024లో బీర్ బిల్లింగ్‌లో ప్రపంచ కప్ నవంబరు 2న మొదలైంది. ఆ ఏడాది మనకు దీపావళి అక్టోబరు 31. ఇక వసంతకాలం సీజన్‌ ఉందంటే అది ఉగాదికీ, పిల్లల పరీక్షలకీ తగులుతుంది.

ఇది ఎవరి తప్పూ కాదు, కాబట్టి పెద్దవాళ్లతో వాదించి గెలిచేదీ లేదు. మా ఇంట్లో కుదుర్చుకున్నది ఇదీ: పోటీ తేదీలు తెలిసిన రోజే అత్తయ్యకు చెప్తాను. ఆ ఏడాది ఏ పండగ నాకు కుదురుతుందో కూడా అప్పుడే చెప్పి, దానికి రోజంతా ఇంట్లోనే ఉంటాను. ఆ రోజు వింగ్, వాతావరణం, వాట్సాప్ గ్రూపు ఏవీ ఉండవు. దసరాకి నేను లేకపోతే బొమ్మల కొలువు పెట్టే పని మా ఆయనది, పాపది. మొదట్లో అత్తయ్యకు అది కష్టంగానే ఉండేది. ఇప్పుడు కొలువులో కింది మెట్టు మీద పాప తన బొమ్మ పారాగ్లైడర్‌ని కూడా నిలబెడుతోంది.

ఇంట్లో ఒప్పుకోరని, చెప్పకుండా వెళ్లేవాళ్లున్నారు. పోటీ అయ్యాక చెప్తే పోలేదా?

పోదు. ఇది ఇంటి మర్యాదకి సంబంధించిన మాట అనుకుంటారు గానీ, నా దృష్టిలో ఇది నేరుగా సేఫ్టీకి సంబంధించినది.

ఆఫీసు పని మీద ఢిల్లీ వెళ్తున్నానని చెప్పి బీర్ వచ్చిన పైలట్ సంగతి ఆలోచించండి. సెలవు అయిపోయింది, క్రెడిట్ కార్డు మీద అప్పు చేశాడు, భార్యకు అబద్ధం చెప్పాడు. ఇంత చేసి వచ్చాక ఏదో ఒకటి సాధించి తీరాలని లోపల్లోపల తొలిచేస్తూనే ఉంటుంది. మొదటి రెండు రోజులూ వానకి టాస్కులు రద్దయ్యాయి. మూడో రోజు మధ్యాహ్నం ముందున్న లోయ మీద మబ్బు అడుగు నల్లబడుతోంది. దాటాలా, వెనక్కి తిరిగి దిగిపోవాలా? ఆలోచించుకోవడానికి ఉండేది కొన్ని క్షణాలు. ఇంట్లో చెప్పి వచ్చిన పైలట్‌కి ‘రేపు చూసుకుందాం, లేకపోతే వచ్చే ఏడాది’ అనే వెసులుబాటు ఉంటుంది. దొంగచాటుగా వచ్చినవాడికి వచ్చే ఏడాది అనేది లేదు, ఈసారే తేల్చుకోవాలి. అందుకే ముందుకు పోతాడు. ఇద్దరి నైపుణ్యం ఒకటే అయినా, ఆ క్షణంలో తీసుకునే నిర్ణయం ఒకటి కాదు.

ఇంకో సంగతి. పోటీ ఫారంలో ఎమర్జెన్సీ కాంటాక్ట్ రాయాలి. చెప్పకుండా వచ్చినవాళ్లు అక్కడ స్నేహితుడి నంబరు రాస్తారు. ఏదైనా జరిగితే ఇంట్లోవాళ్లకు ఆ వార్త ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ల ఫోన్‌లో తెలుస్తుంది. రక్తం గ్రూపు, మందుల అలెర్జీలు, బీమా కాగితాలు ఎక్కడున్నాయో తెలిసిన మనిషి ఆ కాల్‌లో ఉండదు.

ఇంట్లో ఒప్పుకోకపోతే ఆ ఏడాది వెళ్లకండి. ఒప్పించడానికి ఏడాది పట్టినా పట్టనివ్వండి.

అనుభవం ఉన్న పైలట్‌కి అంత టెన్షన్ ఎందుకు?

2007 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలోని మానిల్లాలో, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి ముందు ప్రాక్టీసు చేస్తున్న జర్మనీ పైలట్ ఏవా విష్నీర్స్కాను ఉరుముల మబ్బు లోపలికి లాగేసింది. స్పృహ తప్పి 9,900 మీటర్లకు పైగా ఎత్తుకు వెళ్లి, బతికి బయటపడ్డారు. అదే రోజు చైనా పైలట్ హె జోంగ్‌పిన్ బతకలేదు. ఇద్దరూ ప్రపంచ స్థాయివాళ్లే. అనుభవం వల్ల మబ్బుని ముందుగా పసిగట్టే నేర్పు వస్తుంది. లోపలికి వెళ్లాక అది పెద్దగా అక్కరకు రాదు.

పోటీ జరుగుతుంటే ఇంట్లోంచి లైవ్ ట్రాకింగ్ చూడొచ్చా? చుక్క ఆగిపోతే ఏమనుకోవాలి?

చూడొచ్చు. చాలా పోటీల్లో పైలట్లందరికీ ట్రాకర్ ఇస్తారు. మ్యాపు మీద ఒక్కొక్కరు ఒక్కో రంగు చుక్క. పక్కన ఎత్తు, వేగం కనిపిస్తాయి. కానీ ఎలా చదవాలో నేర్పకుండా లింక్ పంపొద్దు. అలా పంపితే ఇంట్లోవాళ్లను నాలుగైదు గంటలు నిప్పుల మీద కూర్చోబెట్టినట్టే.

మా అమ్మకు నేను నేర్పింది చెప్తాను. హిందూపురంలో ఇంటి వరండాలో కూర్చుని ఫోన్ చూస్తుంది. మొదటిసారి చూసినప్పుడు చుక్క ఒకే చోట గిరగిరా తిరుగుతుంటే సుడిలో చిక్కుకున్నానని కంగారుపడింది. అది థర్మల్‌లో పైకి వెళ్లడం, పక్కనున్న ఎత్తు అంకె పెరుగుతోందా లేదా చూడమన్నాను. ఇప్పుడు అంకె పెరుగుతుంటే ‘ఎక్కుతోంది, ఎక్కుతోంది’ అని పక్కింటావిడకి చెప్తుందట. చుక్క కదలకుండా ఉంటే మూడు కారణాల్లో ఏదో ఒకటి. దిగిపోయి ఉండొచ్చు. ఇదే ఎక్కువ. ట్రాకర్ మొబైల్ నెట్‌వర్క్ మీద పనిచేస్తుంది కాబట్టి కొండ వెనక సిగ్నల్ పోయి ఉండొచ్చు. మూడోది ప్రమాదం. ఏది ఎప్పుడన్నది ఇంట్లోంచి తేల్చలేరు, తేల్చాల్సిన పనీ లేదు. దిగిన ప్రతి పైలట్ నిర్వాహకులకు రిపోర్ట్ చెయ్యాలి. చెయ్యనివాళ్లను వాళ్లు వెతుకుతారు. ఆకాశంలో తోటి పైలట్లూ చూస్తూనే ఉంటారు.

కాబట్టి ముందే ఒక మాట అనుకోండి. ఇన్ని గంటల దాకా నా నుంచి మెసేజ్ రాకపోతే ఫలానా నంబరుకి ఫోన్ చెయ్యి, అప్పటిదాకా వద్దు. మా ఇంట్లో అది రాత్రి ఏడు. ఆ నంబరు నాది కాదు, పోటీ హెడ్‌క్వార్టర్స్‌ది.

విదేశీ పైలట్లు నడుముకు తగిలించుకునే ఉపగ్రహ మెసెంజర్ కొనిపెడదామని కొందరు భర్తలు అడిగారు. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా అలాంటివి వాడటం చట్టవిరుద్ధం, విమానాశ్రయంలోనే ఆపేస్తారు. కొనకండి.

నాన్నగారు పోయి కొన్ని నెలలే అయింది. ఏటిసూతకంలో కొండ ఎక్కకూడదంటారు. పోటీకి వెళ్లొచ్చా?

ఆచారం చెప్పేది దేవుడి కొండ గురించేనని కొందరంటారు. ఏ కొండైనా కొండేనని ఇంకొందరంటారు. అది మీ ఇంటి పెద్దలు, పురోహితుడు చెప్పాల్సిన మాట. ఆచారం అడ్డు రాకపోయినా చూసుకోవాల్సింది ఇంకొకటుంది, నేను చెప్పగలిగేది దాని గురించే.

మా నాన్న ఒక సెప్టెంబరులో పోయారు. అన్నయ్యకు ఏడాది పట్టింపు, పెళ్లైన ఆడపిల్లని కాబట్టి నాకు మూడు రోజులే అన్నారు. ఆ లెక్కన అక్టోబరు పోటీకి నాకే అడ్డూ లేదు. ఎంట్రీ ఫీజు కట్టేసి ఉంది. ‘వెళ్లు, మనసు మళ్లుతుంది’ అని చుట్టాలు కూడా అన్నారు. కర్మలయ్యాక ఒక పొద్దున గ్రౌండ్ హ్యాండ్లింగ్‌కి, అంటే నేల మీదే వింగ్‌ని అదుపు చేసే ప్రాక్టీసుకి వెళ్లాను. హార్నెస్ వేసుకుని లెగ్ స్ట్రాప్స్ బిగించి, చేత్తో తడిమి చూసుకున్నాను. వింగ్ వైపు తిరిగాను. బిగించానో లేదో గుర్తు రాలేదు. మళ్లీ చూసుకున్నాను, బిగించే ఉన్నాయి. హార్నెస్‌ని వింగ్ తాళ్లకు కలిపే పట్టీలు, రైజర్లు, చేతిలోకి తీసుకునేసరికి మళ్లీ అదే అనుమానం. నేల మీద అయితే ఫరవాలేదు. టేకాఫ్ దగ్గర లెగ్ స్ట్రాప్స్ మరిచిపోవడం ఈ ఆటలో ప్రాణాలు తీసిన పొరపాటు. ఆ రోజే వింగ్ మడిచేసి నిర్వాహకులకు రావట్లేదని మెయిల్ పెట్టాను.

విమాన పైలట్లు ఎగిరే ముందు తమను తాము అడిగే ప్రశ్నలు ఆరు: ఒంట్లో బాగుందా, ఏమైనా మందులు వాడుతున్నానా, ఒత్తిడిలో ఉన్నానా, మద్యం తాగానా, అలిసిపోయానా, మనసు కుదురుగా ఉందా. చావు చూసిన ఇంట్లో వీటిలో మూడు నాలుగింటికి జవాబు తేడాగానే వస్తుంది. నిద్ర ఉండదు, బంధువుల రాకపోకలతో ఒళ్లు అలిసిపోతుంది, కొందరికి నిద్రమాత్రలు రాస్తారు. ఎగిరితే దుఃఖం తేలికపడుతుందా అంటే పడుతుంది, నాకు తర్వాత పడింది. కానీ దానికి పోటీ తగదు. ఎవరూ తొందరపెట్టని ఒక సాయంత్రం, బాగా తెలిసిన కొండ మీద, తోడుగా ఒక స్నేహితుడిని పెట్టుకుని, మెత్తటి గాలిలో ఎగరండి. గడియారం, ర్యాంకు, వందమంది పైలట్ల గుంపు మధ్య వద్దు.

ఉద్యోగం పోయింది. పోటీ మానెయ్యాలా?

ఆ సీజన్‌కి మానెయ్యమనే చెప్తాను. బెంగళూరులో ఈ మధ్య ఈ ప్రశ్న ఎక్కువైంది, అడిగేవాళ్ల గొంతులోనే బాధ తెలుస్తుంది. పోటీ స్థాయి వింగ్ ఒక్కటే ఐదారు లక్షలు. ఈఎంఐలు ఉన్న ఇంట్లో అది గోడ మూల బ్యాగులో పడి ఉంటే భార్యకి ప్రతిరోజూ కనిపిస్తుంది.

అమ్మేయమని తొందరపడి చెప్పను. కానీ పోటీ వింగ్ ఉన్నవాళ్లు అది అమ్మేసి, దానికంటే కుదురుగా ఎగిరే ఈఎన్-బి తరగతి వింగ్ వాడినది కొనుక్కుంటే డబ్బు చేతిలో మిగులుతుంది, ఆటా చేజారదు. దగ్గర్లో వారాంతపు ఫ్లయింగ్‌కి, మెలకువలు పోకుండా ఉండటానికి అది చాలు. ఉద్యోగం వచ్చాక కూడా మొదటి ఆరు నెలలు వారం రోజుల సెలవు అడగలేరు, అదీ లెక్కలో పెట్టుకోండి.

వెన్నెముకకు దెబ్బ తగిలింది. మళ్లీ ఎప్పుడు ఎగరొచ్చు?

డాక్టరు చెప్పినప్పుడు. నేను తారీఖు చెప్పలేను. పారాగ్లైడింగ్‌లో ఎక్కువగా విరిగేది వీపు, నడుము కలిసే చోటు, టీ12, ఎల్1 అని డాక్టర్లు రాసే పూసలు. కూర్చున్న భంగిమలో నేలకు తగలడం వల్ల అలా అవుతుంది. హార్నెస్ కింద ఫోమ్, ఎయిర్‌బ్యాగ్ ఉండేది అందుకే.

ప్రమాదం జరిగిన చోట ఒక మాట చాలా ముఖ్యం, ఇంట్లోవాళ్లకీ, మిమ్మల్ని తీసుకురావడానికి వచ్చే జీపు డ్రైవరుకీ కూడా చెప్పి ఉంచండి. వీపు మీద పడ్డ మనిషిని లేపి కూర్చోబెట్టొద్దు, చంకల కింద చేతులు వేసి జీపులోకి ఎక్కించొద్దు. మన పల్లెల్లో జనం ప్రేమతో ముందు చేసేది అదే. స్ట్రెచర్ వచ్చేదాకా కదపకుండా, తల కదలకుండా పట్టుకుని, నీడ పట్టాలి. పోటీలో అయితే సాయానికి దిగిన పైలట్‌కి ఆ రోజు మార్కుల్లో అన్యాయం జరక్కుండా చూసే వీలు నిబంధనల్లో ఉంది, కాబట్టి దిగడానికి ఎవరూ వెనకాడక్కర్లేదు.

ఎముక అతుక్కున్నాక నేరుగా పోటీ వింగ్ ఎక్కొద్దు. మొదట నేల మీద గ్రౌండ్ హ్యాండ్లింగ్. తర్వాత ఇంతకుముందు ఎగిరినదానికంటే ఒకటి రెండు తరగతులు కింది వింగ్‌తో సాయంత్రపు మెత్తటి గాలి. ఆ తర్వాతే మధ్యాహ్నపు థర్మల్స్. వీలైతే పోఖరాలోనో, తుర్కియేలోని ఓలుదెనిజ్‌లోనో నీళ్ల మీద చేయించే ఎస్ఐవి కోర్సు మళ్లీ ఒకసారి. వింగ్ ముడుచుకుపోతే ఎలా తెరవాలో చేతులకు తిరిగి అలవాటవుతుంది.

మా గ్రూపులో ఒకాయన నడుముకు దెబ్బ తగిలి నెలల తరబడి మంచాన ఉన్నారు. స్నానం దగ్గర్నుంచీ అన్నీ ఆయన భార్యే చూసుకున్నారు. డాక్టరు సరేనన్నాక ఆయన ఉత్సాహంగా వింగ్ తీస్తే ఆవిడ గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. ఆయన ఎముక అతుక్కున్నంత త్వరగా ఆవిడ భయం తగ్గలేదు. ఆయన ఇంకో ఏడాది ఆగారు. నాకు ఆయన మీద అప్పటి నుంచే గౌరవం పెరిగింది.

తోటి పైలట్ ప్రమాదంలో చనిపోతే ఇంట్లో ఎలా చెప్పాలి?

వాట్సాప్ చెప్పకముందే మీరే చెప్పండి. ఎవరు, ఎక్కడ, మీరు ఎక్కడున్నారు, ఇప్పుడు నేల మీద ఉన్నారు. ఈ నాలుగూ చాలు. వీడియో ఉంటే ఇంట్లో ఎవరికీ చూపించొద్దు, ముందుకు పంపొద్దు. ‘వాడు తప్పు చేశాడు, నేనైతే చెయ్యను’ అని మాత్రం అనకండి. ఇంట్లోవాళ్లు దాన్ని నమ్మరు, పోయినవాడి ఇంట్లోవాళ్ల చెవిన పడితే చెప్పలేనంత బాధ. ప్రమాద నివేదిక వచ్చాక భార్యాభర్తలిద్దరూ కూర్చుని చదవండి. ఆ మర్నాడే టాస్క్ ఉన్నా ఎగరకపోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

గర్భంతో ఉన్నప్పుడు? కాన్పు తర్వాత?

గర్భం అని తెలిసిన రోజు నుంచి వద్దు. కాన్పు తర్వాత ఎప్పుడన్నది మీ డాక్టరు మాట. ఒకటి మాత్రం చాలామంది మరిచిపోతారు. ప్రతి వింగ్‌కీ ఎగిరే మొత్తం బరువుకి ఒక హద్దు ఉంటుంది, కనీసం ఇంత, గరిష్ఠం ఇంత అని. మనిషి, బట్టలు, హార్నెస్, వింగ్ అన్నీ కలిపి ఆ హద్దులో ఉండాలి. కాన్పు తర్వాత బరువు మారితే పాత వింగ్ సైజు సరిపోకపోవచ్చు. జబ్బు చేసి చిక్కిపోయిన మగవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. బ్యాగు మొత్తం వీపున వేసుకుని వేయింగ్ మెషీన్ ఎక్కి చూసుకోండి.

పాలిచ్చే తల్లులు హార్నెస్‌లో నాలుగు గంటలు కూర్చోవడం ఎంత ఇబ్బందో పోటీ పెట్టేవాళ్లు ఇంకా ఆలోచించడం లేదు. ఆడవాళ్ల సంఖ్య ఈ ఆటలో తక్కువగా ఉండటానికి అదీ ఒక కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

బీమా వస్తుందా?

హెల్త్ పాలసీ తీసి మినహాయింపుల పేజీ చూడండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకూ ఒకేలా నిర్దేశించిన మినహాయింపుల్లో 09 కోడ్ ఉన్నది ప్రమాదకర, సాహస క్రీడల గురించి. అందులో ఉన్న మాట ‘ప్రొఫెషనల్‌గా పాల్గొనడం’. మీరు జీతం తీసుకోని పైలట్ అయితే ఆ మాట మీకు వర్తించదని వాదించొచ్చు. కానీ ఆ వాదన ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్ దగ్గర కాకుండా ఇప్పుడే చెయ్యండి. పోటీల్లో పాల్గొంటానని రాసి, కవర్ అవుతుందా లేదా అని కంపెనీ నుంచి ఈమెయిల్‌లో జవాబు తీసుకోండి. టర్మ్ పాలసీ ఫారంలో ప్రమాదకరమైన హాబీలున్నాయా అని అడిగితే ఉన్నాయనే రాయండి. ప్రీమియం కాస్త పెరిగినా క్లెయిమ్ దగ్గర ఇంట్లోవాళ్లు కోర్టుల చుట్టూ తిరిగే పని ఉండదు. పోటీలకి విడిగా వైద్య, రెస్క్యూ బీమా కాగితం అడుగుతారు. దాని కాపీ ఇంట్లో ఫ్రిజ్ మీద ఉండాలి.

పిల్లలు ‘నువ్వు పడిపోతావా’ అని అడిగితే?

అబద్ధం చెప్పొద్దు. ‘పడొచ్చు, పడకుండా ఉండటానికి ఇవన్నీ చేస్తాను’ అని చూపించండి. మా పాప ఇలా అడిగిన ఏడాది రిజర్వ్ పారాషూట్‌ని విప్పి మళ్లీ మడిచే రీప్యాక్‌కి ఇచ్చే ముందు హార్నెస్‌ని హాల్లో వేలాడదీసి హ్యాండిల్ తనతోనే లాగించాను. మొదటిసారి రాలేదు. రెండు చేతులతో గట్టిగా గుంజితే ధబ్బున ఊడి వచ్చింది. తెల్లటి గుడ్డ సోఫా కిందకీ, పూజగది గడప దాకా పరుచుకుంది. అత్తయ్య కాలు దాటించబోయి ఆగి, ‘ఇదేనా నిన్ను కాపాడేది’ అని వంగి చేత్తో పట్టుకుని చూశారు. ఆవిడ నా సామాన్లను ముట్టుకోవడం అదే మొదలు.

కుటుంబాన్ని బీర్ తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లండి, కానీ పోటీ అయ్యాక. పోటీ రోజుల్లో మీరు పొద్దున్నే జీపెక్కి సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉన్న బిల్లింగ్‌కి వెళ్లిపోతారు. సాయంత్రం ఏ ఊళ్లో దిగుతారో మీకే తెలియదు. పిల్లలతో ఇంకో పెద్దమనిషి ఉంటే తప్ప ఆ వారం వాళ్లకు విసుగు, మీకు అపరాధభావం. పోటీ ముగిశాక నాలుగు రోజులు ఉండండి. టిబెటన్ కాలనీలో మఠాలు, తేయాకు తోటలు, చౌగాన్‌లో దిగే పైలట్లను చూస్తూ టీ తాగడం. మా ఆయనకు ఈ ఆట మీద మనసు పడింది అక్కడే.

ఇంట్లోవాళ్లు శాశ్వతంగా మానెయ్యమంటే?

ముందు అడగండి, భయమంతా దేని గురించి అని. చాలాసార్లు అది ఎగరడం గురించి కాదు. డబ్బు గురించో, నువ్వు ఇంట్లో ఉన్నా మనసు ఇక్కడ లేదన్న బాధ గురించో అయి ఉంటుంది. వాటికి దారులున్నాయి. నిజంగా ప్రాణభయమే అయితే, పోటీలు మానేసి సరదాగా ఎగరడం అనే మధ్య దారి ఒకటుంది. ఈఎన్-ఎ, ఈఎన్-బి వింగ్, సాయంత్రపు గాలి, గడియారం లేదు. మంచి మంచి పైలట్లు అలా తప్పుకుని హాయిగా ఉన్నారు. ఒక్కటి మాత్రం మా ఇంటి నియమం. పోటీ మధ్యలో ఏ రోజైనా సరే మా ఆయన ‘ఈరోజు వద్దు’ అంటే నేను కారణం అడగను, ఎగరను. తన వైపు నుంచి ఆయన ఆ మాటని ఊరికే వాడరు.

బెంగళూరులో ఉంటూ ప్రాక్టీసు ఎలా? ప్రతి శని ఆదివారాలూ ఇంట్లో లేకపోతే ఎలా?

ప్రతి వారం అక్కర్లేదు. నంది కొండల చుట్టుపక్కల ఎగిరేవాళ్లున్నారు, కానీ అది దేవనహళ్లి విమానాశ్రయానికి దగ్గర. స్థానిక క్లబ్బుని అడిగి, గగనతల అనుమతులు తెలుసుకునే వెళ్లాలి. రెండేళ్లకోసారి ఫిబ్రవరిలో యలహంకలో ఏరో ఇండియా జరిగే రోజుల్లో ఆ ఆలోచనే పెట్టుకోవద్దు. మూడు రోజుల సెలవు కలిసొస్తే పుణె దగ్గర కామ్‌షెట్.

మిగతా అంతా గ్రౌండ్ హ్యాండ్లింగ్. వింగ్‌ని నేల మీద నిలబెట్టి గాలిలో అదుపు చెయ్యడం. పోటీ పైలట్‌కి చేతుల నేర్పు సగం ఇక్కడే వస్తుంది. పొద్దున ఆరింటికి వెళ్తే తొమ్మిదింటికి ఇంట్లో టిఫిన్ దగ్గర ఉండొచ్చు.

మేమూ గ్రౌండ్ హ్యాండ్లింగ్‌కి రావచ్చా? పిల్లలతో?

రండి. జూన్ నుంచి పడమటి గాలి బాగా వీస్తుంది, వాన లేని పొద్దుటి పూట మంచిది. చెప్పులతో కాదు, చీలమండ కప్పే బూట్లతో రండి. హెల్మెట్, గ్లవ్స్ తప్పనిసరి. పొలమైతే ముందు రైతుని అడగాలి, రాగులు నాటి ఉంటే అటు అడుగు పెట్టొద్దు. పిల్లలకు టోపీ, నీళ్లు తెచ్చుకోండి, అక్కడ నీడ ఉండదు. తాళ్ల మీద కాలు పెట్టొద్దని, వింగ్ లేస్తున్నప్పుడు పైలట్ వెనక నిలబడొద్దని దారిలోనే చెప్పి తీసుకురండి.